పాత కంప్యూటర్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు చూసుకోవాల్సినవి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. 2016 దాకా మూడూ కరీంనగర్ జిల్లాలోనివే. ఈ ఊళ్లలో డిజైన్ పని అంటే షాదీ కార్డు, షాపు బోర్డు, ఫ్లెక్సీ, రమజాన్ ముందు పంచే సహరీ-ఇఫ్తార్ టైమ్ టేబుల్, మదర్సా జల్సా పోస్టర్. సిరిసిల్లలో అయితే వీటికి తోడు చీర అంచు డిజైన్. ఒకే కాగితం మీద ఒకవైపు ఉర్దూ, మరోవైపు తెలుగు, కింద ఇంగ్లిష్‌లో ఫోన్ నంబర్ పడాలి. ఈ పనికి వాడే కంప్యూటర్ మాత్రం చాలాచోట్ల పదేళ్లు దాటినదే. లేదంటే దుబాయ్ నుంచో సౌదీ నుంచో అన్న వస్తూ వస్తూ తెచ్చిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్.

అలాంటి మెషీన్‌లో ఫొటోషాపో, కోరల్‌డ్రానో కొత్తగా ఎక్కించబోతే సగంలో ఆగిపోయి ‘ఇన్‌స్టాలేషన్ ఫెయిల్డ్’ అని వస్తుంది. అప్పుడు ఎక్కువ మంది చేసేవి రెండే. ఒకటి, మెకానిక్‌ను పిలిచి ఫార్మాట్ కొట్టించడం. రెండు, ‘క్రాక్ వర్షన్ ఉంది భాయ్, అదైతే ఎక్కుతుంది’ అన్నవాడి దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకోవడం. మొదటిదానితో ఏళ్ల తరబడి చేసిన కస్టమర్ ఫైళ్లు, ఫాంట్లు, పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు పోయే ప్రమాదం ఉంది. రెండోదానితో కంప్యూటరే చేజారొచ్చు. నిజానికి చాలా కేసుల్లో ఈ రెండూ అక్కర్లేదు. మెషీన్ ఏమిటో తెలిస్తే ఏ వర్షన్ ఎక్కుతుందో, ఏది ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎక్కదో ముందే చెప్పొచ్చు.

ముందు మెషీన్ సంగతి

చూడాల్సినవి నాలుగు: విండోస్ ఏది, అది 32 బిట్టా 64 బిట్టా, ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది. విండోస్ 7లో ‘కంప్యూటర్’ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’ నొక్కితే నాలుగూ ఒకే పేజీలో కనిపిస్తాయి. విండోస్ 10లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ వరుసలో వెళ్లాలి. ఆ పేజీని ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే షాపులో అడగడానికైనా, మెకానిక్‌కు వాట్సాప్ చేయడానికైనా పనికొస్తుంది.

వీటిలో ఎక్కువ మంది పట్టించుకోనిది ‘సిస్టమ్ టైప్’ అనే గీత. అక్కడ 32 బిట్ అని ఉంటే ఇప్పటి పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్లలో దాదాపు ఏదీ ఎక్కదు. ఫొటోషాప్ 2018 అక్టోబర్‌లో వచ్చిన 2019 వర్షన్ నుంచి 64 బిట్ విండోస్ మీదే నడుస్తుంది. దాని తర్వాతి 2020 వర్షన్ విండోస్ 7ను కూడా వదిలేసింది, విండోస్ 10 ఉండాల్సిందే. కోరల్‌డ్రా ఇటీవలి వర్షన్లదీ ఇదే దారి. 32 బిట్ విండోస్‌కు ఇంకో బలహీనత ఉంది. నాలుగు జీబీ ర్యామ్ పెట్టినా మూడు, మూడున్నర జీబీ వరకే వాడుకోగలదు. పెద్ద ఫ్లెక్సీ ఫైల్ తెరవగానే మెషీన్ బిగుసుకుపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇక్కడ ఒక ఊరట ఉంది. కోర్ 2 డుయో లాంటి పాత ప్రాసెసర్లు నిజానికి 64 బిట్‌వే. అప్పట్లో ర్యామ్ తక్కువ ఉండేది కాబట్టి షాపువాళ్లు 32 బిట్ విండోస్ వేసి ఇచ్చేవారు. అదే మెషీన్‌లో 64 బిట్ విండోస్ వేసుకోవచ్చు. కాకపోతే 32 నుంచి 64కు నేరుగా అప్‌గ్రేడ్ దారి లేదు, కొత్తగా వేయాల్సిందే. అంటే ముందు ఫైళ్లన్నీ బయటకు తీసిపెట్టుకోవాలి.

ఊరట వెంటనే ఒక చిక్కు కూడా ఉంది. కొత్త ఫొటోషాప్‌కు ప్రాసెసర్‌లో ‘ఎస్ఎస్ఈ 4.2’ అనే సదుపాయం ఉండాలి. ఇంటెల్‌లో ఇది 2008 చివర్లో మొదటి తరం కోర్ ఐ సిరీస్‌తో వచ్చింది. అంతకుముందు కోర్ 2 డుయోలలో గానీ, ఆ కాలపు పెంటియం డుయల్ కోర్‌లలో గానీ అది లేదు. ఏఎండీలో ఫెనమ్, అథ్లాన్ 2 రకాల్లోనూ లేదు, 2011లో వచ్చిన బుల్డోజర్ రకం నుంచే ఉంది. ప్రాసెసర్‌లో లేనిదాన్ని ఏ విండోస్ వేసినా, ఎంత ర్యామ్ పెంచినా తేలేం. ‘సీపీయూ-జెడ్’ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ నడిపితే ‘ఇన్‌స్ట్రక్షన్స్’ అన్న చోట ఇది ఉందో లేదో కనిపిస్తుంది. కోర్ 2 డుయో మెషీన్ ముందు కూర్చుని కొత్త ఫొటోషాప్‌ను పదిసార్లు ఎక్కించడం వృథా. ఆ సంగతి చెప్పకుండా ప్రతిసారీ ఫార్మాట్ చార్జి తీసుకునే మెకానిక్‌ను మార్చుకోవడం మేలు.

డబ్బు కట్టే ముందు

ఇప్పుడు అడోబీ సాఫ్ట్‌వేర్ నెలనెలా, లేదా ఏడాదికి కట్టే చందా మీదే వస్తుంది. ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే ఆఖరి ఫొటోషాప్ 2012 నాటి సీఎస్6. దాని అమ్మకాన్ని కంపెనీ 2017 జనవరిలో ఆపేసింది. చందా కట్టాక పాత వర్షన్ దించుకోవచ్చులే అనుకుంటే కుదరదు. 2019 మే నుంచి అడోబీ ఇటీవలి రెండు ప్రధాన వర్షన్లనే దించుకోనిస్తోంది. విండోస్ 7 ఉన్న కంప్యూటర్ కోసం ఏడాది చందా కట్టేస్తే డబ్బు పోతుంది, సాఫ్ట్‌వేర్ ఎక్కదు. అందుకే మెషీన్ వివరాలు చూసుకున్నాకే కార్డు తీయాలి.

ఇంట్లో ఎప్పుడో కొన్న పాత సీడీ ఉంటే, దాని కవర్ మీద సీరియల్ నంబర్ కనిపిస్తుంటే, అది పారేయదగ్గది కాదు. పాత మెషీన్‌కు పాత అసలు సాఫ్ట్‌వేరే సరిజోడు.

మెషీన్ సరిపోతుంది, అయినా ఎక్కట్లేదు

వివరాలన్నీ సరిపోయినా ఇన్‌స్టాలేషన్ ఆగిపోతే కారణం చాలాసార్లు చిన్నదే ఉంటుంది. మొదట కింద కుడి మూలన గడియారం చూడాలి. తారీఖు 2009 అనో 2012 అనో చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి బిళ్ల సెల్ అయిపోయినట్టే. దాని పేరు సీఆర్ 2032, ఎలక్ట్రికల్ షాపులోనూ దొరుకుతుంది. కరెంట్ పోయిన ప్రతిసారీ ఆ కంప్యూటర్ తారీఖు వెనక్కి పోతుంది. తారీఖు తప్పయితే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, లైసెన్సు తనిఖీ జరగదు, సంతకం ఉన్న ఇన్‌స్టాలర్‌ను విండోస్ నమ్మదు. తెర మీద వచ్చే సందేశం మాత్రం తారీఖు గురించి ఒక్క మాట చెప్పకుండా సర్టిఫికెట్ అనో, కనెక్షన్ అనో అంటుంది. కొన్ని రూపాయల సెల్ మార్చితే పోయే జబ్బుకు నెట్ కంపెనీని తిట్టుకుంటూ వారాలు గడిపేవాళ్లు ఉన్నారు.

తర్వాత ఇన్‌స్టాలర్ ఫైల్. జిప్ ఫైల్‌ను విప్పకుండా లోపలి నుంచే సెటప్ నొక్కడం చాలా మంది చేసే పని. ముందు మొత్తం ఒక ఫోల్డర్‌లోకి విప్పాలి, ఆ ఫోల్డర్ కూడా డెస్క్‌టాప్ మీద కాకుండా నేరుగా సీ డ్రైవ్‌లో చిన్న పేరుతో ఉంటే మంచిది. విప్పేటప్పుడు ‘సీఆర్సీ ఎర్రర్’ అంటే ఫైల్ పూర్తిగా దిగలేదు, లేదా సీడీ గీతలు పడింది, లేదా హార్డ్ డిస్కే పాడవుతోంది. పెన్‌డ్రైవ్‌తోనూ ఒక తిరకాసు ఉంది. ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవ్, 32 జీబీది అయినా సరే, నాలుగు జీబీ దాటిన ఒక్క ఫైల్‌ను పట్టదు. ‘జాగా ఉంది కదా, ఎందుకు కాపీ అయితలేదు’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఎన్‌టీఎఫ్ఎస్‌గానో ఎక్స్‌ఫ్యాట్‌గానో మార్చి ఎక్కించాలి, మార్చితే అందులో ఉన్నవి పోతాయి కాబట్టి ముందు ఖాళీ చేసుకోవాలి.

సీ డ్రైవ్‌లో ఖాళీ కూడా చూడాలి. డీ డ్రైవ్‌లో వంద జీబీ ఉన్నా లాభం లేదు. సాఫ్ట్‌వేర్‌ను డీలో పెట్టమన్నా ఇన్‌స్టాలర్ తన తాత్కాలిక ఫైళ్లను సీలోనే విప్పుకుంటుంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌కు 15, 20 జీబీ ఖాళీ ఉంచుకోవడం మంచిది. రీసైకిల్ బిన్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, వాట్సాప్ నుంచి దిగిన పెళ్లి వీడియోలు తీసేస్తే తరచూ అంత జాగా వచ్చేస్తుంది.

యూజర్ పేరు ఉర్దూలోనో తెలుగులోనో పెట్టుకున్నవాళ్లకు మరో సమస్య. విండోస్ ఆ పేరుతోనే ఫోల్డర్ సృష్టిస్తుంది. పాత ఇన్‌స్టాలర్లు కొన్ని ఇంగ్లిష్ కాని అక్షరాలున్న ఫోల్డర్ దారిని చదవలేక ఆగిపోతాయి. గల్ఫ్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లో పాత యజమాని పేరు అరబీలో ఉన్నా ఇదే తంటా. పేరు మార్చితే పైకి కనిపించే పేరు మారుతుంది గానీ లోపలి ఫోల్డర్ మారదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొత్త యూజర్ సృష్టించి, దానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇచ్చి, అందులోంచి ఎక్కించాలి.

నంబర్లతో వచ్చే సందేశాల్లో 1618 అంటే వేరే ఇన్‌స్టాలేషనో అప్‌డేటో వెనకాల నడుస్తోందని అర్థం, అది అయ్యేదాకా ఆగి రీస్టార్ట్ చేస్తే సరి. 1719 అంటే విండోస్ ఇన్‌స్టాలర్ అనే సర్వీసు అందడం లేదు. 1603 మాత్రం ‘ఏదో తప్పు జరిగింది’ అని చెప్పడమే, అంతకు మించి చెప్పదు. దానికి ఎక్కువగా ఉండే కారణాలు పాత వర్షన్ సగం తీసేసి మిగిలిపోవడం, హక్కులు లేకపోవడం, జాగా లేకపోవడం. సగం మిగిలిన వర్షన్‌ను శుభ్రంగా తీయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత ఇన్‌స్టాల్-అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ ఉంది. అడోబీకి తనదే క్లీనర్ టూల్ ఉంది. రిజిస్ట్రీలో చేయి పెట్టి తోచినవి తీసేయడం మాత్రం వద్దు.

విండోస్ 7 వాడుతున్నవాళ్లకు

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. అయినా ఈ ప్రాంతపు డీటీపీ షాపుల్లో అది బతికే ఉంది, పాత ప్రింటర్, పాత స్కానర్, పాత సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తాయి కనుక. తప్పనిసరిగా దాన్నే వాడేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి.

సర్వీస్ ప్యాక్ 1 ఉందా అన్నది మొదటిది. ప్రాపర్టీస్ పేజీలో పైనే రాసి ఉంటుంది, లేకపోతే ముందు అది వేయాలి. రెండోది డిజిటల్ సంతకం. కొన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలు ‘షా-2’ అనే పద్ధతిలోనే సంతకం చేస్తున్నాయి. అప్‌డేట్లు లేని విండోస్ 7 దాన్ని గుర్తించదు, అసలు ఫైల్‌నే నకిలీ అనుకుంటుంది. కేబీ 4490628, ఆ తర్వాత కేబీ 4474419 అనే అప్‌డేట్లు ఇందుకే వచ్చాయి. మూడోది, ‘ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ’ అని మొదలయ్యే డీఎల్ఎల్ ఫైల్ లేదని వచ్చే సందేశం. దానికి కేబీ 2999226 అనే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ ఎక్కించాలి. ఏదో వెబ్‌సైట్ నుంచి ఒక్క డీఎల్ఎల్ ఫైల్‌ను దించి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేసే చిట్కా యూట్యూబ్‌లో చాలా చోట్ల కనిపిస్తుంది. అది పనిచేసే చోట్ల కంటే వైరస్ వచ్చే చోట్లే ఎక్కువ. ఈ అప్‌డేట్లన్నీ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో నంబర్ కొట్టి వెతికితే దొరుకుతాయి, 32 బిట్‌కు వేరు, 64 బిట్‌కు వేరు.

విండోస్ 7లో నడిచే ఆఖరి క్రోమ్ 109. పాత బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ పేజీ సరిగా తెరవకపోతే, వేరే కంప్యూటర్‌లో ఫైల్ దించి తెచ్చుకోవడమే సులువు.

ఎక్కింది గానీ అక్షరాలు రావట్లేదు

ఈ ఊళ్లలో సగం ఫిర్యాదులు నిజానికి ఇన్‌స్టాలేషన్ గురించి కాదు. సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది, ఉర్దూ ఫైల్ తెరిస్తే పిచ్చిగీతలు, తెలుగు ఫైల్ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల చెత్త. ‘ఇన్‌స్టాల్ ఫెయిల్ అయింది’ అనుకుని మళ్లీ మొదటికి వస్తారు.

ఉర్దూ పనికి అందరూ వాడేది ఇన్‌పేజ్. ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో తెచ్చింది. దానికి ప్రాణం నూరీ నస్తాలీఖ్ లిపి. మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల అక్షర సముదాయాలను చేత్తో రాసి తయారు చేస్తే, 1981లో మోనోటైప్ యంత్రాల మీదికి వచ్చింది. అంతకుముందు ఉర్దూ పత్రిక ప్రతి లైనూ కాతిబ్ చేత్తో రాయాల్సిందే. పాత ఇన్‌పేజ్ ఫైళ్లలో ఉర్దూ యూనికోడ్‌లో ఉండదు, ఇన్‌పేజ్ సొంత సంకేతాల్లో ఉంటుంది. మూడో వర్షన్ నుంచి యూనికోడ్ వచ్చింది. కాబట్టి పాత ఇన్‌పేజ్‌లోంచి కాపీ చేసి ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే ఉర్దూ రాదు. ఈపీఎస్‌గా ఎగుమతి చేసి కోరల్‌డ్రాలో దించుకోవాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చి జమీల్ నూరీ నస్తాలీఖ్ లాంటి ఉచిత ఫాంట్‌తో చూపించాలి.

తెలుగులో అను స్క్రిప్ట్ మేనేజర్‌దీ ఇదే కథ. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ మెషీన్‌లో లేకపోతే అదే ఫైల్ ఇంగ్లిష్ అక్షరాల గందరగోళంగా కనిపిస్తుంది. ఫైల్ చెడిపోలేదు, ఫాంట్ ఎక్కించగానే తిరిగి వస్తుంది.

ఫాంట్ ఉన్నా అక్షరాలు చెదిరితే విండోస్ ప్రాంతీయ సెట్టింగ్స్ చూడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ‘రీజియన్’ తెరిచి ‘అడ్మినిస్ట్రేటివ్’ అన్న ట్యాబ్‌లో ‘నాన్-యూనికోడ్ ప్రోగ్రాముల భాష’ అని ఉంటుంది. గల్ఫ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఇక్కడ అరబిక్ ఉండటం మామూలే. అను లాంటి పాత ప్రోగ్రాములకు అది ఇంగ్లిష్‌గా ఉండాలి. అదే చోట ‘బీటా’ అని మొదలై యూటీఎఫ్-8 గురించి ఒక చెక్‌బాక్స్ ఉంటుంది. దానికి టిక్ పెట్టి ఉంటే పాత తెలుగు, ఉర్దూ ప్రోగ్రాములు అక్షరాలు తప్పుగా చూపిస్తాయి. టిక్ తీసి రీస్టార్ట్ చేయాలి. ఒక్క టిక్ వల్ల ఫార్మాట్ దాకా వెళ్లిన మెషీన్లు తక్కువేమీ ఉండవు.

ఇక యూనికోడ్ తెలుగు, ఉర్దూలను ఫొటోషాప్‌లోనే టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి, ఉర్దూ అక్షరాలు విడివిడిగా ఎడమ నుంచి వస్తుంటే ప్రిఫరెన్సెస్‌లో ‘టైప్’ విభాగం తెరిచి మధ్యప్రాచ్య, దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టుకోవాలి. కొత్త వర్షన్లలో దాన్నే ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ అంటున్నారు. పెట్టాక కొత్త ఫైల్ తెరిచి చూడాలి.

డాంగిల్ ఉన్న మెషీన్లు, సిరిసిల్ల జకార్డ్ డిజైన్లు

సిరిసిల్ల అంటే మరమగ్గాలు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు రావడంతో అంచుల్లో డిజైన్ల పని పెరిగింది. చీర అంచు డిజైన్‌ను గళ్ల కాగితం మీద కాకుండా కంప్యూటర్‌లో వేయడానికి వాడే సాఫ్ట్‌వేర్లు ఖరీదైనవి, చాలావాటికి డాంగిల్ ఉంటుంది. పెన్‌డ్రైవ్ లాంటి ఆ తాళం పెడితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. పాత ఇన్‌పేజ్ కొన్నవాళ్ల దగ్గరా ఇలాంటి తాళం ఉండేది.

కొత్త విండోస్ వేశాక ‘సాఫ్ట్‌వేర్ ఎక్కింది, తెరుచుకుంటలేదు’ అంటే దోషం తరచూ డాంగిల్ డ్రైవర్‌దే. 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్‌ను తీసుకోదు, సంతకం లేని డ్రైవర్‌నూ తీసుకోదు. డాంగిల్ మీద హాస్ప్ అనో సెంటినెల్ అనో రాసి ఉంటే ఆ పేరుతో కొత్త రన్‌టైమ్ దొరుకుతుంది. డ్రైవర్ ఎక్కించేటప్పుడు డాంగిల్ తీసి ఉంచి, అయ్యాక పెట్టాలి. పాత ప్రింటర్ కేబుల్ పెట్టే వెడల్పాటి పోర్టుకు తగిలించే డాంగిల్ అయితే కథ వేరు. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ పోర్టే ఉండదు, యూఎస్‌బీ మార్పిడి కేబుల్ కూడా ఎక్కువసార్లు పనిచేయదు. ఇంకా పాత 16 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ విండోస్ అసలే నడపదు.

అలాంటి మెషీన్‌ను మార్చకపోవడమే తెలివి. నెట్ కేబుల్ పీకేసి, హార్డ్ డిస్క్ మొత్తాన్ని క్లోనెజిల్లా లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ఇంకో డిస్క్‌లోకి అచ్చుగా దించిపెట్టి, ఆ ఒక్క పనికే ఉంచుకోవాలి. మెయిల్, వాట్సాప్, కస్టమర్ పెన్‌డ్రైవ్‌లకు వేరే కంప్యూటర్ ఉండాలి.

క్రాక్ సంగతి

క్రాక్ ఫైల్ తెచ్చినవాడు మొదట చెప్పేది ‘యాంటీవైరస్ ఆఫ్ చెయ్యి’ అని. ఆ మాటతోనే ఆగిపోవాలి. 2018 నుంచి స్టాప్ లేదా డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా పాకింది క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారానే. అది ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది, తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లనూ వదలదు. డిజైన్ షాపులో పోయేది సొంత ఫైళ్లే కాదు. జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా అక్కడే చేస్తారు కాబట్టి ఊరివాళ్ల ఆధార్, పాస్‌పోర్ట్ కాపీలు అదే మెషీన్‌లో ఉంటాయి. గల్ఫ్ వీసా కాగితాలు ఉన్న కంప్యూటర్‌లోకి దొంగను రానివ్వడం ఎంత ప్రమాదమో ఇక్కడి ఇళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చట్టం కూడా గట్టిదే. 1957 కాపీరైట్ చట్టంలోని 63బీ సెక్షన్ కింద, దొంగ కాపీ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వ్యాపారానికి వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా వదలొచ్చు. షాపు పెట్టుకున్నవాళ్లు ఆ మాట అనలేరు. ఇప్పటికే ఫైళ్లకు తాళం పడి, డబ్బు కట్టమని బెదిరింపు వస్తే 1930 నంబర్‌కు ఫోన్ చేయాలి.

డబ్బు పెడితే దేనికి పెట్టాలి

మూడో తరమో ఆపై కోర్ ఐ3, ఐ5 మెషీన్ ఉంటే మొదట కొనాల్సింది ఎస్ఎస్‌డీ. పాత తిరిగే హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే వచ్చే తేడా ఇంకే మార్పుతోనూ రాదు. సగంలో ఆగే ఇన్‌స్టాలేషన్లు కొన్ని అసలు డిస్క్ చెడటం వల్లే ఆగుతాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ‘కాషన్’ అనో ‘బ్యాడ్’ అనో చూపిస్తే ఆ రోజే ఫైళ్లు బయటకు తీయాలి. తర్వాతిది ర్యామ్. కొత్త ఫొటోషాప్‌కు కనీసం ఎనిమిది జీబీ కావాలి. డీడీఆర్3 ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. డీడీఆర్2 బోర్డు మీద మాత్రం డబ్బు పెట్టొద్దు.

విండోస్ 10కూ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. గల్ఫ్ నుంచి ల్యాప్‌టాప్ తెప్పించుకునేవాళ్లు ‘కోర్ ఐ7’ అన్న పేరు చూసి మురిసిపోకుండా తరం అడగాలి. రెండో తరం ఐ7 కంటే ఎనిమిదో తరం ఐ3 ఈ పనికి మేలు.

డబ్బు పెట్టలేని ఇంట్లో, బీడీలు చుట్టే అమ్మకు తోడుగా నాలుగు రూపాయలు సంపాదిద్దామని డిజైన్ నేర్చుకుంటున్న అమ్మాయికి ఉచిత సాఫ్ట్‌వేర్లే దారి. ఫొటో పనికి గింప్. 2025 మార్చిలో వచ్చిన మూడో వర్షన్‌కు విండోస్ 10 కావాలి గానీ, 2.10 వర్షన్ విండోస్ 7లోనూ నడుస్తుంది, 32 బిట్‌లోనూ ఎక్కుతుంది. కోరల్‌డ్రా తరహా పనికి ఇంక్‌స్కేప్. ప్రెస్‌కు ఇచ్చే నాలుగు రంగుల పీడీఎఫ్‌కు స్క్రైబస్. 2024 జనవరిలో వచ్చిన 1.6 వర్షన్‌లో తెలుగు ఒత్తులు, కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ రెండూ కుదురుతాయి, అంతకుముందరి 1.4లో కుదరవు. ఇవన్నీ వాటి సొంత వెబ్‌సైట్ల నుంచే దించుకోవాలి.

ఒక ఇబ్బంది దాచక్కర్లేదు. చాలా ప్రెస్సులు ‘సీడీఆర్ ఫైల్ పంపు’ అని కోరల్ ఫైలే అడుగుతాయి. అక్షరాలను కర్వ్స్‌లోకి మార్చిన పీడీఎఫ్ తీసుకుంటారా అని ముందే అడిగితే చాలామంది సరే అంటారు. కోరల్ ఉన్నవాళ్లు కూడా సేవ్ చేసేటప్పుడు వర్షన్ తగ్గించి పంపాలి, కొత్త కోరల్ ఫైల్‌ను పాత కోరల్ తెరవదు.

అన్నీ చూశాక కూడా ఫార్మాట్ తప్పదంటే, డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి చేతులు దులుపుకోవద్దు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్, ఇన్‌పేజ్, అను ఫోల్డర్లు, సీరియల్ నంబర్లు అన్నీ తీసిపెట్టాలి. చందా సాఫ్ట్‌వేర్ ఉంటే అందులోంచి సైన్ అవుట్ కావాలి, లేదంటే తుడిచేసిన మెషీన్ కూడా లైసెన్సు లెక్కలో ఉండిపోతుంది. కాపీ అయ్యాక ఒక ఉర్దూ షాదీ కార్డు, ఒక తెలుగు కార్డు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, అక్షరాలు సరిగ్గా వస్తున్నాయని కళ్లతో చూసుకున్నాకే మెకానిక్‌కు ‘కొట్టు భాయ్’ అని చెప్పాలి.